కండక్టరమ్మ గొంగళి

2025 ఎండాకాలం. నరసరావుపేటలో ఒక చర్మవ్యాధుల క్లినిక్. అక్కడ నేను స్టాఫ్ నర్సుని, పేరు షమీమ్. ఈ ఉద్యోగంలోకి వచ్చి ఇరవై రెండేళ్లు. అందులో పదకొండేళ్లు చర్మానికీ ఎలర్జీకీ అంకితం. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు, ఎన్ని వీపులు చూశానో లెక్కలేదు. నా నోటితో నేనే చెడగొట్టి, మళ్లీ నా కళ్లతో నేనే బాగుచేసుకున్న కేసు మాత్రం ఒక్కటే ఉంది. అది కోటేశ్వరి కేసు.

ముందు దద్దుర్ల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. మా భాషలో అర్టికేరియా అంటాం. చర్మం ఉబ్బి, ఎర్రబడి, దురదతో మనిషిని పిచ్చెత్తిస్తుంది. ఆరు వారాలు దాటినా వస్తూనే ఉంటే దాన్ని క్రానిక్ అర్టికేరియా అంటారు. దీంట్లో ఒక మాయ ఉంది. ఒక్కో దద్దు సాధారణంగా రోజు తిరక్కుండానే మాయమై, ఇంకోచోట లేస్తుంది. అందుకే ఈ రోగులు ఇంట్లో ఏడ్చి ఏడ్చి, మా దగ్గరికి వచ్చేసరికి నున్నటి చేతులు చూపిస్తారు. ఇక మా ప్రాంతంలో ఎవరికి దద్దుర్లు లేచినా నేరం మోసేది వంకాయే. దాని తర్వాత గోంగూర, ఆ తర్వాత చేపలు.

కోటేశ్వరి బస్సు కండక్టరు. ముప్పై అయిదేళ్లుంటాయి. చీర మీద ఖాకీ చొక్కా వేసుకుని, డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. తను పనిచేసే బస్సు నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ దాకా పోతుంది. ఎనిమిది నెలలుగా దద్దుర్లు.

"ఇంటికాడ ఒళ్లంతా లేచినయ్ సిస్టరమ్మా. పేటలో దిగేసరికి ఒక్కటి కూడా లేదు. డాక్టరమ్మ నన్ను అబద్ధాలకోరు అనుకుంటదేమో," అంది కూర్చోకుండానే.

"అనుకోదులే. ఏం తింటున్నావు?" అన్నాను. నోటికి అలవాటైన ప్రశ్న.

"తినేదేముంది? వంకాయ మానేశా, గోంగూర మానేశా. చేపలు, గుడ్లు, శనక్కాయలు అన్నీ మానేశా. ఆర్నెల్ల బట్టి పెసరపప్పూ అన్నమూ. ఇంక మానటానికి మంచినీళ్లే మిగిలినయ్."

నాకు నవ్వొచ్చింది. తనకి రాలేదు. చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ అసలు సంగతి చెప్పింది. పది రోజుల క్రితం పొద్దున్నే మొదటి సర్వీసులో, ఉబ్బిన చేత్తో ఒకామెకి టిక్కెట్టు ఇవ్వబోయింది. ఆమె ఒళ్లో బిడ్డని పక్కకి లాక్కుని, "ఆ సీటు మీద పెట్టు. ముట్టుకోమాక, అంటుద్ది," అందట. బస్సంతా చూసింది.

"ఆ టిక్కెట్ల మిషన్ మెళ్లో ఏసుకుంటే నేను కోటేశ్వరిని సిస్టరమ్మా. తీసేస్తే వీరమ్మ కోడల్ని. మా అత్త మంచిదే. అయినా నాకు కోటేశ్వరిగానే ఉండాలనుంది."

ఆ మాట నాకు బాగా నచ్చింది. నేనూ యూనిఫాం వేసుకునేదాన్నే కదా.

మా డాక్టరమ్మ అన్నీ అడిగి, ఇవి అంటుకునే జబ్బు కాదని గట్టిగా చెప్పింది. ఎలర్జీ టెస్టు చేద్దామంది. దానికి దురద మాత్రలు ఒక వారం ఆపి రావాలి, లేకపోతే టెస్టు సరిగా పలకదు. నేను నా వంతుగా ఒక సలహా ఇచ్చాను. "లేచినప్పుడల్లా ఫోన్లో ఫోటో తీసిపెట్టు. నువ్వు అబద్ధం చెప్పట్లేదని అదే సాక్ష్యం," అన్నాను. ఆ సలహా ఒక్కటే తర్వాత నా పరువు కాపాడింది.

వారం తర్వాత ప్రిక్ టెస్టు చేశాను. ముంజేతి మీద వరసగా రకరకాల ఎలర్జీ ద్రవాలు ఒక్కో చుక్క వేసి, ఒక్కో చుక్కలోంచి చర్మాన్ని చిన్నగా గుచ్చుతాం. రక్తం రాదు. పావుగంట ఆగితే, పడని పదార్థం ఉన్నచోట దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది. కోటేశ్వరి చేతి మీద వంకాయ చుక్క కిమ్మనలేదు. చేపలది, గుడ్డుది, శనక్కాయది కూడా అంతే. ఒకే ఒక్క చుక్క శనగగింజంత లేచి కూర్చుంది. హౌస్ డస్ట్ మైట్.

ఈ మైట్ అనేది కంటికి ఆనని ఎనిమిది కాళ్ల జీవి. పరుపుల్లో, దిండ్లలో, దుప్పట్లలో కాపరం ఉంటుంది. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని బతుకుతుంది. కుట్టదు, కరవదు. దాని విసర్జన కొందరికి పడదు, అంతే. ఈ కథంతా రోగికి విడమరిచి చెప్పమని డాక్టరమ్మ నాకు అప్పజెప్పింది. బయట ఇరవైమంది కూర్చుని ఉన్నారు. కోటేశ్వరికి బస్సు టైమవుతోంది. నేను చీటీ మీద రెండు మాటలు గీకి చేతిలో పెట్టాను. డస్ట్ ఎలర్జీ.

"డస్టంటే దుమ్మేగా సిస్టరమ్మా?"

"ఆఁ, దుమ్మే. దుమ్ముకి దూరంగా ఉండు. మాత్ర రోజూ వేసుకో," అన్నాను. అని, తర్వాతి పేరు పిలిచాను.

మూడు వారాల తర్వాత వచ్చింది. ఖాకీ చొక్కా లేదు. ఎడమ కన్ను రెప్ప వాచి సగం మూసుకుపోయి ఉంది. వెంట వాళ్లత్త వీరమ్మ. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"సర్టిఫికెట్ ఇప్పియ్యండి సిస్టరమ్మా. డస్ట్ ఎలర్జీ ఉంది, బస్సెక్కగూడదు అని. డిపోలో అర్జీ పెడతన్నా, బస్సు కాని పని ఏదన్నా ఇయ్యమని," అంది కోటేశ్వరి.

"ఎందుకు?"

"రోడ్డు మీద తిరిగేదాన్ని దుమ్ముకి దూరంగా యాడుంటాను? పిడుగురాళ్ల వచ్చిందంటే సున్నబ్బట్టీల దుమ్ము, క్వారీ లారీల దుమ్ము. మీరు చెప్పిన రోజు నుంచే సెలవు పెట్టా."

"మరి నీకిష్టమేనా ఆ మార్పు?"

 వాచిన కంట్లోంచి నీళ్లు కారాయి. వీరమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచి నా మీద పడింది.

"ఇష్టం సంగతి ఎందుకమ్మాయ్, ముందు పిల్ల బతకాలిగా? దుమ్మన్నావని రేణువు కూడా లోపలికి రానియ్యలా. కిటికీలన్నీ మూసి సందుల్లో గుడ్డలు కుక్కా. ఎండాకాలం గదా, ఉడికిపోద్దని నీళ్ల కూలర్ పెట్టా. మూడు వారాల బట్టి దీన్ని మంచం దిగనియ్యలా. అయినా తగ్గకపోగా ఇట్టా కళ్లు మూసుకుపోతన్నయ్!"

నేను సర్టిఫికెట్ కాగితం తీసి పేరు, వయసు రాశాను. జబ్బు పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. రోడ్డు దుమ్మే కారణమైతే, మూడు వారాలు రోడ్డెక్కని మనిషికి తగ్గాలి కదా? ఇంత పెరగడమేమిటి?  నా చేతిరాత చీటీ కోటేశ్వరి ఒళ్లో మడతలు పడి కనిపిస్తోంది. రెండంటే రెండే మాటలు.

"ఫోటోలు తీశావా?" అన్నాను.

తీసింది. బుద్ధిమంతురాలు, ఒక్కటీ వదల్లేదు. నలభై ఒక్క ఫోటోలు. ఒక్కోటీ తెరిచి టైము చూశాను. తెల్లవారుజామున నాలుగున్నర. అయిదు. అయిదుంబావు. సెలవు పెట్టాక మధ్యాహ్నం మూడు, మూడున్నర కూడా కలిశాయి. డ్యూటీలో ఉండగా పగటిపూట తీసినవి ఒక్కటీ లేవు. రోడ్డు మీద ఉన్నంతసేపూ ఈ మనిషి బాగుంది. పడుకుని లేచినప్పుడే ఒళ్లు లేస్తోంది. దానికి తోడు ఇంకొకటి కనిపించింది. ఫోటోలో చెయ్యి ఉన్నా, కాలు ఉన్నా, నడుం ఉన్నా, దాని కింద మాత్రం ఒకటే నలుపు.

"ఇదేమిటి, కింద నల్లగా?"

"మా గొంగళి," అంది వీరమ్మ గర్వంగా. "దద్దుర్లకి గొంగళిని మించిన మందు ఉందా? మా అత్త ఇచ్చి పోయింది. ఎవరికి లేచినా అదే తీసి కప్పేవాళ్లం."

పల్నాట్లో పుట్టినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? దద్దుర్లు లేస్తే గొంగళి కప్పుకుని దొర్లమనడం మా చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నదే. ముతక ఉన్ని గీరుకుంటే దురదకి ఆ కాసేపు హాయిగానే ఉంటుంది. నిజానికి ఆ రాపిడికి దద్దుర్లు ఇంకా లేస్తాయి. వీరమ్మ గొంగళి ఏడాదంతా అటక మీద చుట్టి ఉండేదట. తొమ్మిది నెలల క్రితం కోడలికి మొదటిసారి లేచినప్పుడు కిందికి దిగింది. ఇక మళ్లీ పైకి ఎక్కలేదు. రాత్రి కప్పడానికి అదే, పగలు పరచడానికి అదే.

"ఎప్పుడన్నా ఉతికారా పెద్దమ్మా?"

"గొంగళిని ఎవరన్నా ఉతుకుతారంటమ్మా? ముడుచుకుపోదూ!"

మొత్తం నా కళ్ల ముందు నిలబడింది. నలభై ఏళ్లుగా నీళ్లు తగలని ఉన్ని. మూసిన గది. లోపల నీళ్ల కూలర్ తేమ. మైట్‌కి కావలసింది చీకటి, తేమ, మనిషి వెచ్చదనం. బయట మా ఎండలు మలమల మాడుస్తుంటే, దానికి లోపల చల్లటి రాజభోగం ఏర్పాటు చేశాం. ఆ మహారాణీ పరుపు మీదికి కోటేశ్వరిని పంపింది ఎవరు? నేనే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి చెబుతాను. మా నాన్నది పేటలో పరుపుల కొట్టు. దూది ఏకే చప్పుడులోనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను. ఎవరైనా పాత పరుపు తెస్తే, "ముందు ఎండలో పడెయ్యండి, తర్వాత మాట్లాడదాం," అనేవాడు. పరుపు విప్పేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మైట్ అనే మాట ఆయన జన్మలో విని ఉండడు. అన్నీ తెలిసిన నేను మాత్రం "ఆఁ, దుమ్మే" అని ఊరుకున్నాను.

ఫోన్ పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తాను. ముందుగా ఆమె కోటేశ్వరిని పిలిచి నాలుక, గొంతు, ఊపిరి చూసింది. రెప్ప వాపుకి మందు ఇచ్చింది. తర్వాత ఫోటోలన్నీ ఓపిగ్గా తిరగేసింది.

"మైట్ ఒక్కటే కారణమని తేల్చేయకు షమీమ్. టెస్టులో మైట్ పలికిన వాళ్లందరికీ దద్దుర్లు రావు. దద్దుర్లున్న చాలామందికి అసలు కారణమే దొరకదు. కానీ ఈమెకి టెస్టు, టైములు, పక్క మూడూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి. పక్క మార్చి చూద్దాం. మాత్ర మాత్రం ఆపడానికి వీల్లేదు," అంది.

నేను బయటికొచ్చి అత్తాకోడళ్ల ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. "తప్పు నాది. నేను చెప్పాల్సింది రోడ్డు దుమ్ము గురించి కాదు. పక్కలో ఉండే దుమ్ము గురించి. అందులో ఒక చిన్న పురుగు ఉంటుంది..." అంటూ ఉండగానే వీరమ్మ లేచి నిలబడింది.

"నా గొంగళిలో పురుగులా? ఏమే, ఏందే ఈమె మాటలు? లెయ్యి, పోదాం!"

మళ్లీ నా మాటే నన్ను తన్నింది. పురుగంటే ఆమెకి నల్లులూ, చిమ్మటలూ. కోడల్ని రెక్క పట్టుకుని తీసుకుపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు క్లినిక్ తెరిచేసరికి గుమ్మంలో వీరమ్మ కూర్చుని ఉంది. పక్కన యూరియా గోతం. కోడలు వెనకాల తల దించుకుని నిలబడింది. పేషెంట్లందరూ చూస్తుండగా వీరమ్మ గోతం విప్పి, గొంగళి తీసి, మా వెయిటింగ్ హాల్లో దభీమని పరిచింది.

"ఊఁ, చూపియ్యి. రాత్రంతా కళ్లద్దాలు పెట్టుకుని వెతికా. ఒక్క పురుగు లేదు. ఉంటే చూపియ్యి, లేకపోతే అందరి ముందూ తప్పని ఒప్పుకో!"

పేషెంట్లు కాళ్లు పైకి పెట్టుకున్నారు. డాక్టరమ్మ చప్పుడుకి బయటికొచ్చి, నవ్వాపుకుని, "చూపిద్దాం పెద్దమ్మా," అంది. గొంగళిని తెల్ల కాగితం మీద దులిపి, రాలిన ధూళిని గాజు పలక మీద వేసుకుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది. అయిదు నిమిషాలు గడిచాయి, పది నిమిషాలు గడిచాయి. రెండు పలకలు పక్కన పెట్టేసింది. అన్ని గొంగళ్లలోనూ ఉండాలని లేదు, ఉన్నా దొరకాలని లేదు.  వీరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

మూడో పలక దగ్గర డాక్టరమ్మ తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది. "రండి పెద్దమ్మా. ఒక కన్ను మూసి, ఇందులోంచి చూడండి."

వీరమ్మ వంగింది. ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించింది. "అబ్బో!" అంది. "కాళ్లు ఆడిస్తందే! ఒసేయ్ కోటేశ్వరీ, రా, చూడు! ఇదా అమ్మాయ్ నా కోడల్ని కుడతంది?"

"కుట్టదు పెద్దమ్మా. అది వేసే మలం ఈ పిల్లకి పడదు. అది గొంగళి నిండా ఉంటుంది."

వీరమ్మ మెల్లగా నిటారుగా నిలబడింది. "అంటే... నేను ఇన్నాళ్లూ దీని దొడ్లో పండబెట్టానా నా పిల్లని?"

హాలంతా ఘొల్లున నవ్వింది. కోటేశ్వరి కూడా నవ్వింది. ఆ మొహంలో నవ్వు నేను చూడడం అదే మొదటిసారి. వీరమ్మ నవ్వలేదు. "నా చేతులారా కప్పానే," అంది గొంగళి వైపు చూస్తూ. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "మీరు ప్రేమకొద్దీ కప్పారు పెద్దమ్మా. సరిగ్గా చెప్పనిది నేను," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ తర్వాత వీరమ్మ ఆ ఇంట్లో చేసింది ఒక దండయాత్ర. కిటికీల సందుల్లో కుక్కిన గుడ్డలు పీకేసింది. కూలర్ ఆపేసింది. బూరుగు దూది దిండ్లు, పాత పరుపు బయటికి పోయాయి. కొత్త పరుపుకి, దిండ్లకి మైట్ దూరని జిప్పు కవర్లు తొడిగించాను. వారం వారం దుప్పట్లు సలసల కాగిన నీళ్లలో ముంచాలని చెబితే, ఆమె వారానికి రెండుసార్లు ముంచింది. గొంగళిని వేణ్ణీళ్లలో నానబెట్టి, బండకేసి బాది, మే నెల డాబా మీద నాలుగు రోజులు ఆరేసింది. మా పల్నాడు ఎండని అందరూ తిట్టుకునేవాళ్లే. ఆ నెల నేను మాత్రం దానికి దణ్ణం పెట్టుకున్నాను. గొంగళి మూరెడు ముడుచుకుపోయిందట. ఆ మూరెడు నష్టాన్నీ ఆమె ఘనకార్యంలా ఫోన్లో చెప్పింది. దాన్ని కవర్లో కట్టి అటకెక్కించేసింది.

మొదటి వారం ఏ తేడా లేదు. రెండో వారం ఫోటోలు సగానికి తగ్గాయి. నేను ఆశపడటానికి భయపడ్డాను, ఎందుకంటే ఈ జబ్బు తనంతట తానే పెరిగి తగ్గడమూ ఉంది. నాలుగో వారంలో ఒక పొద్దున అయిదింటికి ఫోన్ మోగింది. తెరిస్తే కోటేశ్వరి ముంజేయి ఫోటో. తెల్ల దుప్పటి మీద ఉత్త చెయ్యి. దాని కింద రెండు మాటలు. "ఏం లేదు." మర్నాడూ అదే ఫోటో వచ్చింది. ఆ మర్నాడూ అంతే. పన్నెండు రోజులు వరసగా వచ్చాయి. పదమూడో రోజు ఖాకీ చొక్కాలో నిలబడి, మెళ్లో టిక్కెట్ల మిషన్‌తో ఫోటో పంపింది. నేను వంటింట్లో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. మా ఆయన పాలు పొంగాయేమోనని పరుగెత్తుకొచ్చాడు.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, గుత్తి వంకాయ కూర తిన్నా! డాక్టరమ్మ తినమంది. మూడు కాయలు తిన్నా. ఏం కాలా!" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. డిపోకి ఇవ్వాలనుకున్న అర్జీ వీరమ్మ పొయ్యిలో పెట్టిందట. నేను సగం రాసిన సర్టిఫికెట్ నా దగ్గరే ఉండిపోయింది. పేరు, వయసు, ఆ తర్వాత ఖాళీ. ఇప్పటికీ సొరుగులో ఉంది.

మాత్రలు డాక్టరమ్మ దసరా నుంచి కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చి, సంవత్సరాంతానికి ఆపేసింది. ఈ ఏడాది శివరాత్రికి కోటప్పకొండ స్పెషల్ బస్సుల్లో కోటేశ్వరి రెండు రోజులు డ్యూటీ చేసింది. ఆ జనంలో, ఆ దుమ్ములో, ఒక్క దద్దు లేవలేదు.

నాకు ఈ కేసు నేర్పింది చాలా చిన్న విషయం. చీటీ మీద నేను రాసే మాట నా గదిలో ఒకటి, రోగి ఇంటికి వెళ్లేసరికి ఇంకొకటి. ఇప్పుడు నేను డస్ట్ ఎలర్జీ అని రాయను. "పక్కలో దుమ్ము. రోడ్డు దుమ్ము కాదు," అని తెలుగులో రాసి, దాన్ని వాళ్ల చేత చదివించి, ఇంటికి వెళ్లి ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పిస్తాను. బయట ఇరవైమంది ఉన్నా సరే, ఆగుతారు. ఏం తిన్నావని అడిగిన తర్వాత, దేని మీద పడుకుంటున్నావని కూడా అడుగుతాను.

మొన్న విజయపురి సౌత్‌లో పనుండి బయల్దేరాను. బస్టాండుకి వెళ్లేసరికి బస్సు కదులుతోంది. పరుగెత్తాను. నలభై ఎనిమిదేళ్ల మనిషిని, ఆయాసం. ఫుట్‌బోర్డు మీంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. మోచేతి దాకా మడిచిన ఖాకీ చొక్కా, నున్నటి చెయ్యి.

"చెయ్యియ్యండి సిస్టరమ్మా!"

ఇచ్చాను. ఒక్క గుంజుతో పైకి లాగేసింది. ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆధార్ కార్డు చూపిస్తే గానీ ఆడవాళ్ల జీరో టిక్కెట్టు కొట్టనంది. చూపించాను. టిక్కెట్టు చింపి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, ఒక్క క్షణం అట్లాగే పట్టుకుంది.

పిడుగురాళ్ల దగ్గర సున్నం లారీ ఒకటి మమ్మల్ని దాటి పోయింది. కిటికీల్లోంచి తెల్లటి దుమ్ము బస్సంతా కమ్మేసింది. అందరం కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకున్నాం. కోటేశ్వరి కూడా పెట్టుకుంది. కొంగు చాటునుంచి నా వైపు తిరిగి, కళ్లు చికిలించి నవ్వుతూ బస్సంతా వినపడేలా అరిచింది.

"అదుగో సిస్టరమ్మా, మీ డస్టు! రైట్ రైట్, పోనీ!"